సీసాలో దూది

హెచ్‌ఐవీ ఉన్నవారికి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేసిన రోజులు తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది మందు సీసా చప్పుడు. నెలకు సరిపడే 30 మాత్రల ప్లాస్టిక్ సీసా సంచిలో గలగలమంటుంది. అది బస్సులో పక్కవారికి వినబడుతుందేమోనని ఒకావిడ సీసా మూతిదాకా దూది కుక్కి, పైనున్న లేబులును గోటితో గీకి తీసేసిన తరువాత గాని గేటు దాటేది కాదు.

మొదటి భర్త పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకున్న ఆవిడకు కండోమ్ సంగతి తెలియక కాదు, దాని వాడకం నాకంటే వివరంగా చెప్పగలదు. అయితే రాత్రి పూట భర్తతో "అది లేకుండా వద్దండీ" అంటే ఎందుకని అడుగుతాడు, ఎందుకో చెబితే ఇంట్లో ఉండనివ్వడు అన్న భయం ఆవిడ నోరు కట్టేసింది. ఒక పని చేస్తే ఫలితం ఉంటుందని తెలియడం వేరు, దాన్ని తాను చేయగలనని నమ్మడం వేరు అని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బాండూరా 1977లోనే వివరించాడు. మా గోడల మీది పోస్టర్లు మాత్రం మొదటిదానితోనే ఆగిపోయాయి.

భయపెడితేనే జాగ్రత్తపడతారని మాలో కొందరు వాదించేవారు. నేను చూసినంతవరకు, భయపడినవారిలో కొందరు దాంపత్యానికే దూరమయ్యారు, మరికొందరు ఎలాగూ చెడిపోయామని జాగ్రత్తలే మానేశారు. అందుకే ఆవిడకు 2016లో వెలువడిన పార్ట్‌నర్ అధ్యయనం గురించి చెప్పాను. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని 888 జంటలు కండోమ్ లేకుండా సుమారు 58,000 సార్లు కలిసినా, మందులతో వైరల్ లోడ్, అంటే మిల్లీలీటరు రక్తంలో వైరస్ కాపీల లెక్క, 200 లోపు ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికీ వ్యాధి సోకలేదు. మాత్ర రోజూ వేసుకుంటేనే ఈ మాట నిలుస్తుందనీ, ఇతర సుఖవ్యాధులను ఆ మాత్ర ఆపదనీ కూడా చెప్పాను.

భర్తకు మీరే చెప్పేయకపోయారా అని నన్నడిగినవారున్నారు. హింసకో, వదిలివేతకో గురవుతుందన్న సహేతుకమైన అనుమానం ఉన్న స్త్రీ విషయంలో అలా చెప్పకూడదని 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టమే అంటుంది.

వైరల్ లోడ్ రిపోర్టులో "టార్గెట్ నాట్ డిటెక్టెడ్", అంటే వైరస్ కనబడలేదు, అన్న చోట వేలు పెట్టి రెండుసార్లు చదివించుకున్న ఆవిడ, మరికొన్ని నెలలకు భర్తను తానే వెంటబెట్టుకు వచ్చింది. అతడు చాలాసేపు గోడవైపు చూస్తూ కూర్చుని, తరువాత పరీక్షకు చేయి చాపాడు, నెగెటివ్ వచ్చింది. ఆ రోజు కూడా ఆవిడ సీసాలో దూది కుక్కుతుంటే ఇంకా ఎందుకని అడిగాను.

"మా ఆయనకు చెప్పాను గాని, బస్సులో వాళ్ళందరికీ చెప్పలేదు కదా మేడమ్" అంది.