నాలుగు జీబీలో ముప్పావు జీబీ ఎటు పోయింది?

2009లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అని పిలిచే కంప్యూటర్ల బజారులో, రెండేసి జీబీల డీడీఆర్2 ర్యామ్ స్టిక్కులు రెండు కొన్నాను. ఇంటికి తెచ్చి బిగించి ఆన్ చేస్తే మొదట వచ్చే నల్ల తెర మీద 4096 ఎంబీ అని సక్రమంగానే కనిపించింది గాని, విండోస్ ఎక్స్‌పీలో మై కంప్యూటర్ ప్రాపర్టీస్ తెరిస్తే 3.25 జీబీ మాత్రమే ఉంది. స్టిక్కులోనే లోపమనుకుని మర్నాడు క్యాబినెట్‌ను స్కూటర్ మీద పెట్టుకుని దుకాణానికి వెళ్లాను. కౌంటర్లోని కుర్రవాడు మరో జత బిగించి చూపించాడు. అదే అంకె వచ్చింది. "మీది 32 బిట్ విండోస్ సార్, దానికి అంతే కనబడుతుంది" అన్నాడు. నాకు ఆ జవాబు రుచించలేదు, ఎందుకంటే 32 బిట్ల హద్దు 4 జీబీ అని చదివానే తప్ప 3.25 అని ఎక్కడా చదవలేదు.

32 బిట్లతో రాయగల వేర్వేరు అంకెలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. ఒక్కో అంకె ఒక్కో బైటుకు అడ్రసు కనుక లెక్క 4 జీబీకి సరిపోతుంది. అయితే ఆ అడ్రసులన్నీ ర్యామ్‌కే చెందుతాయని నేను అనుకోవడంలోనే పొరపాటు ఉంది. గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు, కంప్యూటర్‌ను మొదట లేపే బయోస్ చిప్ వంటివాటితో ప్రాసెసర్ మాట్లాడాలంటే వాటికీ అదే వరుసలో అడ్రసులు ఇవ్వాలి, వాటిని పై చివర నుంచి కేటాయిస్తారు. డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూకు వెళ్లి రిసోర్సెస్ బై టైప్ ఎంచుకుని మెమరీ అన్న కొమ్మను విప్పితే ఈ పంపకమంతా కళ్లకు కడుతుంది. నా కంప్యూటర్లో కార్డుల వాటా హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు అంకెల లెక్కింపు పద్ధతిలో, డీ పక్కన ఏడు సున్నాలున్న అడ్రసు దగ్గర మొదలైంది. ఆ పద్ధతిలో డీ అంటే 13. ఎనిమిదంకెల అడ్రసులో మొదటి అంకె విలువ 256 ఎంబీ. 13ను 256తో హెచ్చిస్తే 3328 ఎంబీ, అంటే కచ్చితంగా 3.25 జీబీ. పోయిందనుకున్న ముప్పావు జీబీ స్టిక్కులోనే పదిలంగా ఉంది, దానిని పిలవడానికి అడ్రసే మిగలలేదు.

ఈ ఏర్పాటు ఎక్స్‌పీతో పుట్టినది కాదు. 1978 నాటి ఇంటెల్ 8086 ప్రాసెసర్‌కు అడ్రసును మోసే లైన్లు 20, అంటే ఒక ఎంబీ. అదే కుటుంబానికి చెందిన 8088తో 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు, ఆ ఒక ఎంబీలో 640 కేబీని ప్రోగ్రాములకు వదిలి పైనున్న 384 కేబీని తెరకు, చెరిగిపోని ప్రోగ్రాములుండే రోమ్ చిప్‌లకు, ఇతర కార్డులకు కేటాయించారు. విండోస్‌కు ముందున్న డాస్ కాలంలో పనిచేసినవారు ఆ 640 కోసం పడిన పాట్లు వేరే కథ.

ఇక కుర్రవాడి మాటకు వస్తే, అందులో సగమే నిజం. 1995 నాటి పెంటియమ్ ప్రో నుంచి ఇంటెల్ 32 బిట్ ప్రాసెసర్లలో చాలా వాటికి పీఏఈ (ఫిజికల్ అడ్రస్ ఎక్స్‌టెన్షన్) అనే సదుపాయం ఉంది. దానితో భౌతిక అడ్రసు 36 బిట్లకు పెరిగి 64 జీబీ వరకు ర్యామ్‌ను అందుకోవచ్చు, ఒక్కొక్క ప్రోగ్రాముకు మాత్రం పాత 4 జీబీ చూపే ఉంటుంది. విండోస్ సర్వర్ 2003 ఎంటర్‌ప్రైజ్ 32 బిట్ అయి ఉండీ ఈ దారిలోనే 4 జీబీ దాటి నడిచింది. ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌లో మాత్రం 4 జీబీకి పైనున్న అడ్రసులను మైక్రోసాఫ్ట్ కావాలనే వదిలేసింది. ఇళ్లలో వాడే కార్డులను నడిపే డ్రైవర్ ప్రోగ్రాములలో చాలా వాటిని అడ్రసు 32 బిట్లు దాటదన్న ధీమాతో రాశారు. పెద్ద అడ్రసు వస్తే పై బిట్లను కోసేసి వేరే చోట రాసి కంప్యూటర్‌ను పడగొట్టేవి. ఆ నిర్ణయం సబబే అని నా అభిప్రాయం, కాని దానిని ప్రాసెసర్ చేతకానితనంగా చెప్పడం సబబు కాదు.

అన్నీ తెలిశాయనుకుని అదే ఏడాది చివర్లో 64 బిట్ విండోస్ 7 ఎక్కించాను. మళ్లీ 3.25 జీబీయే కనిపించింది. ఈసారి అడ్డు మదర్‌బోర్డు చిప్‌సెట్, అంటే ప్రాసెసర్‌ను ర్యామ్‌తో, కార్డులతో కలిపే చిప్‌లు. కార్డుల కింద పడిపోయిన ర్యామ్‌ను 4 జీబీకి పైనున్న అడ్రసులకు జరపడాన్ని రీమ్యాపింగ్ అంటారు. నా బోర్డు చిప్‌సెట్ ఆ హద్దు దాటి అడ్రసు చేయలేదు. ప్రాసెసర్, చిప్‌సెట్, ఆపరేటింగ్ సిస్టమ్ ఈ మూడింటిలో ఏది తక్కువైతే అదే హద్దు. వాటి మీద లైసెన్సు కూడా ఉంటుంది: మన దేశంలో అమ్మిన విండోస్ 7 హోమ్ బేసిక్ 64 బిట్‌కు 8 జీబీ, హోమ్ ప్రీమియమ్‌కు 16, ప్రొఫెషనల్‌కు 192. లోపలి యంత్రం ఒకటే, కట్టిన సొమ్ములోనే తేడా.

64 బిట్ అన్న పేరు కూడా పూర్తిగా నిజం కాదు. 2003లో వచ్చిన ఏఎండీ ఆప్టెరాన్ అనే 64 బిట్ ప్రాసెసర్ ప్రోగ్రాములకు 48 బిట్ల అడ్రసునూ, అంటే 256 టీబీని (ఒక టీబీ అంటే 1024 జీబీ), ర్యామ్‌కు 40 బిట్లనూ, అంటే ఒక టీబీని మాత్రమే ఇచ్చింది. ఎవరూ వాడని లైన్లకు చిప్‌లో చోటు కేటాయించడం దండగ అన్నది అందులోని లెక్క.

నా బోర్డుకు ఇక చేయగలిగింది లేదని తేలాక ఒక 2 జీబీ స్టిక్కు తీసి మా తమ్ముడికిచ్చి, అతని దగ్గరున్న 1 జీబీ స్టిక్కు తెచ్చి బిగించాను. ప్రాపర్టీస్‌లో 3 జీబీ అని కనిపించింది, అందులో ఒక్క ఎంబీ కూడా కార్డుల కింద పడలేదు.