బోరు నీళ్లు, బావి నీళ్లు

మహారాష్ట్రలోని మా పాండర్‌కవడా వైపు పత్తిచేలల్లో పైన నల్లరేగడి, కింద బసాల్ట్ రాయి. మా బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ 1.5 దాటింది. తాగేనీటికి లీటరుకు 1.5 మిల్లీగ్రాములే గరిష్ఠ హద్దు. నీళ్లేమో అద్దంలా ఉన్నాయి, రుచిలోనూ తేడా లేదు. అదే నా టెన్షన్. మరిగిస్తే పోతుందిలే అంది అత్తమ్మ. పోదు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

పక్కింటి బాబు ముందుపళ్ల మీద గోధుమరంగు చారలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పళ్లు తయారయ్యే వయసులో తాగిన ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చినవి, ఆ మరకలు వాటంతట అవి పోవు.

బోరుబండి అతను ఇంకో వందడుగులు దింపుదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. లోతు నీళ్లు రాళ్ల మధ్య ఏళ్లకేళ్లు నిలిచి ఫ్లోరైడ్‌ను మరింత కరిగించుకునే అవకాశమే ఎక్కువ. పాత చేదబావి పూడిక తీయిస్తున్నాం. ఆ నీళ్లూ పరీక్షయ్యాకే వంటింట్లోకి.