గొమాంతోంగ్ గుహలో తల ఎత్తి చూసే ముందు

మలేషియాలోని సబా రాష్ట్రంలో ఉన్న గొమాంతోంగ్ గుహలకు ఎప్పుడు వెళ్తే మంచిదని అడిగేవాళ్లు ముందు ఒకటి తేల్చుకోవాలి. అక్కడ పిట్టలు ఉమ్మితో కట్టే గూళ్లను తినడానికి కోసి అమ్ముతారు. మరి గూళ్లు చూడాలా, గూళ్లు కోసేవాళ్లను చూడాలా? రెండూ ఒకే రోజు దొరకడం అరుదు. కోత అయిపోయిన మర్నాడు వెళ్తే కప్పంతా బోసిగా ఉంటుంది. గూళ్లు నిండుగా ఉన్నప్పుడు వెళ్తే కోసేవాళ్ల నిచ్చెనలు కనిపించకపోవచ్చు.

సందాకాన్ ఊరి నుంచి రోడ్డు మీద సుమారు రెండు గంటల ప్రయాణం. చాలామంది కినబతాంగన్ నది ఒడ్డున సుకావులో బస చేసి, దారిలో గుహ చూసుకుంటారు. గుహలు రెండు. సిముద్ హితమ్ అంటే నల్లది, సిముద్ పుతిహ్ అంటే తెల్లది. ఆ రంగులు రాతివి కావు, అందులో దొరికే గూళ్లవి. సందర్శకులు మామూలుగా చూసేది నల్లదాన్నే. దాని కప్పు ఎత్తు 90 మీటర్ల దాకా ఉంటుంది. తెల్ల గుహ కొండ మీద, ఇంకా పైన ఉంది. అక్కడికి ఎక్కడం కష్టం, గైడు లేకుండా ఆ ప్రయత్నం వద్దు.

గూడు కట్టేది స్విఫ్ట్‌లెట్ అనే పిట్ట. పిచ్చుకంత ఉంటుంది. కాళ్లు ఎంత చిన్నవంటే కొమ్మ మీద కూర్చోలేదు, గోళ్లతో రాతిని పట్టుకుని వేలాడుతుంది. నాలుక కింది గ్రంథుల నుంచి ఊరే ఉమ్మిని దారంలా తీసి, తల అటూ ఇటూ ఊపుతూ రాతికి పూస్తుంది. ఒక పొర ఆరాక ఇంకో పొర. దాదాపు 30 నుంచి 40 రోజులకు అర చిప్ప ఆకారంలో గూడు తయారవుతుంది. తెల్ల గూడు కట్టే జాతి దాదాపుగా ఉమ్మి ఒక్కటే వాడుతుంది. నల్ల గూడు కట్టేది తన ఈకలను కూడా కలుపుతుంది, అందుకే దాన్ని శుభ్రం చేయడానికి అంత చాకిరీ. నాచుతో కట్టే మూడో జాతి కూడా ఇవే గుహల్లో ఉంటుంది, ఆ గూటికి బజారులో విలువ లేదు.

లోపలికి నడుస్తుంటే చీకట్లో కిటకిటమనే చప్పుడు వినిపిస్తుంది. దువ్వెన పళ్ల మీద గోరుతో గీస్తే వచ్చే శబ్దం లాంటిది. ఆ చప్పుడు ప్రతిధ్వనిని బట్టే ఈ పిట్టలు చీకట్లో దారి వెతుక్కుంటాయి. గబ్బిలాలు చేసే శబ్దం మన చెవికి చాలావరకు అందదు, వీటిది మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది. ఒక నిమిషం మాట ఆపి వినండి.

ఇక కోత లెక్క. ఇది తెలియకపోతే మిగతాదంతా వట్టి సాహస ప్రదర్శనలా కనిపిస్తుంది. గొమాంతోంగ్‌లో కోత సాధారణంగా ఏడాదికి రెండుసార్లు. సబా వన్యప్రాణి శాఖ అనుమతి లేకుండా ఎవరూ గూడు ముట్టకూడదు. మొదటి కోత ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య, గూడు పూర్తయి గుడ్డు పెట్టక ముందు. గూడు పోతే పిట్ట మళ్లీ కడుతుంది. ఆ రెండో గూట్లో గుడ్డు పెట్టి, పొదిగి, పిల్లను ఎగరనివ్వాలి. పిల్లలు వెళ్లిపోయాక, జూలై నుంచి సెప్టెంబరు మధ్య, ఖాళీ గూటిని తీస్తారు. తెల్ల గూటి పిట్టకు కట్టడానికి నెల పైన, పొదగడానికి మూడు వారాల పైన, పిల్ల ఎగరడానికి మరో ఆరు వారాలు. అంటే ఖాళీ రాయి నుంచి ఖాళీ గూడు దాకా మూడు నెలలకు తక్కువ పట్టదు. మధ్యలో ఎవరైనా ఆశపడి ముందే దిగితే గుడ్లు, రెక్కలు రాని పిల్లలు కిందపడతాయి. పదేపదే తీస్తే పిట్టకు ఉమ్మి చాలదు, గూడు పలచబడుతుంది, పలచని గూడు రాతి నుంచి ఊడిపోతుంది. ధర పెరిగిన కొద్దీ దొంగతనం పెరుగుతుంది కాబట్టి కాపలాదారులు గుహలోనే మకాం వేస్తారు. వాళ్ల గుడిసెలు మీకు కనిపిస్తాయి. వాళ్లను ఇబ్బంది పెట్టేలా ఫోటోలు తీయకండి.

కోత రోజుల్లో వెళ్తే పై నుంచి వేలాడే పేము నిచ్చెనలు, తాళ్లు చూడవచ్చు. ఒకరు ఎక్కుతారు, కింద ఉన్నవాళ్లు తాళ్లు లాగిపట్టి నిచ్చెన ఊగకుండా చూస్తారు. ప్రాణం పైనున్నవాడిది, దాన్ని పట్టుకున్నది కింది చేతులు. అందుకే వాళ్లు పనిలో ఉండగా పలకరించకూడదు, ఫ్లాష్ కొట్టకూడదు, తాళ్లు దాటి వెళ్లకూడదు. గూటిని రాతికి ఆనుకున్న మందపాటి అంచు దగ్గర జాగ్రత్తగా విడదీస్తారు. ఎండి పెళుసైన గూడు లాగితే ముక్కలవుతుంది, ముక్కకు సగం ధర కూడా రాదు. ఒక్కో తెల్ల గూడు సుమారు 8 నుంచి 10 గ్రాములు, కిలో కావాలంటే వందకు పైగా కావాలి.

సందర్శకుల కోసం గుహ లోపల చుట్టూ చెక్క బాట ఉంది. దాని మీద రెట్ట పడి జారుతుంది. పట్టు ఉన్న మూసిన బూట్లు, పొడవాటి ప్యాంటు, తలకు టోపీ లేదా వానకోటు హుడ్ తప్పనిసరి. పైకి చూసేటప్పుడు నోరు మూసుకోండి. చేతికి అందుతోంది కదా అని కమ్మీ పట్టుకోకండి. ఆ కమ్మీ మీద వేలు పెట్టే చోటు వెతికితే ముందు బొద్దింకలు కనిపిస్తాయి. కింద రెట్ట గుట్ట మీద అయితే నేలే కదులుతున్నట్టుంటుంది, అంత దట్టంగా ఉంటాయి. గోడ మీద పొడవాటి కాళ్ల జెర్రులుంటాయి. వాటి కాటు బాగా నొప్పి పుడుతుంది కాబట్టి గోడకు ఆనుకోకండి. అమ్మోనియా వాసనకు కళ్లు మండుతాయి, మాస్కు కొంత తట్టుకునేలా చేస్తుంది. గబ్బిలాల రెట్టలో హిస్టోప్లాస్మా అనే బూజు పెరగొచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు బయటి నుంచే చూడటం మేలు. లైటు కాళ్ల దగ్గర వేసుకోండి, గూళ్ల మీద నిలిపి ఉంచకండి.

మధ్యాహ్నం తర్వాత వెళ్లి సాయంత్రం దాకా ఉండేలా చూసుకోండి. లక్షల గబ్బిలాలు సుడులు తిరుగుతూ బయటికి పోతుంటే, ఆ దారిలోనే స్విఫ్ట్‌లెట్లు ఇంటికి వస్తాయి. గబ్బిలాలను వేటాడే డేగ కోసం గుహ బయట నుంచే ఆకాశాన్ని గమనించండి. అది ఒక్క నిమిషంలో పని ముగించుకుని పోతుంది.

తిరుగు ప్రయాణంలో గూళ్లు కొనాలనుకుంటే ఒక్క విషయం. ఎర్ర గూడు పిట్ట రక్తం కలిసినదన్నది కట్టుకథ. రెట్ట నుంచి లేచే నత్రజని ఆవిర్లు గూటితో కలిసి ఆ రంగు తెస్తాయి, ఆ గూళ్లలో నైట్రైట్ అనే, మోతాదు మించితే హాని చేసే రసాయనం ఎక్కువగా ఉండొచ్చు. 2011లో చైనా మలేషియా గూళ్ల దిగుమతిని ఆపేసింది నైట్రైట్ వల్లే. తర్వాత కిలోకు 30 మిల్లీగ్రాముల పరిమితి వచ్చింది. మరీ తెల్లగా మెరిసేది బ్లీచ్ చేసినది కావొచ్చు. నల్ల గూడైతే రాత్రంతా నానబెట్టి, చిన్న పట్టకారుతో ఒక్కో ఈక ఏరాలి. పిల్లలకు మొదటిసారి ఇచ్చేటప్పుడు చాలా కొద్దిగా ఇవ్వండి, తీవ్రమైన అలర్జీ వచ్చిన కేసులున్నాయి.

బూట్లను బసలోకి తేకుండా బయటే సబ్బు నీళ్లతో రుద్ది కడగండి. గాడుల్లో ఇరికిన రెట్టను పుల్లతో తీసేయండి, అది ఎండితే పొడై గాల్లో కలుస్తుంది.