ఒక్క వేలు తెగితే ఎన్ని తెగుతాయో

పోయినేడాది మే నెలలో ఆవకాయ పెట్టేరోజు వేలు తెగింది. ఇందులో చెప్పుకోడానికేముంది, ఆ రోజు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరికి తెగుతూనే ఉంటుంది. పెద్ద కత్తితో కాయలు కొట్టడం అమ్మ పని, ముక్కల్లో జీడి తీసి గుడ్డతో తుడవడం నా పని. "నువ్వు కత్తి జోలికి రాకురా" అని ఆవిడ అంటూనే ఉంది. అమ్మ లోపలికెళ్ళిన రెండు నిమిషాల్లో, జీడి ఊడిరాని ముక్క ఒకటి ఎడమచేత్తో పట్టుకుని చాకు మొనతో పెకలించబోయాను. చాకు జారి చూపుడువేలికి లోపలివైపు, మధ్య గీత మీద దిగింది. గాయం అరంగుళం కూడా లేదు.

దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో కడిగి, రెండు కుట్లు వేసి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. వేలు వంచి చూపించమని ఎవరూ అడగలేదు. నాకూ తట్టలేదు, అంత కట్టు ఉంటే ఏం వంగుతుందిలే అనుకున్నా. నాలుగో రోజు కట్టు మారుస్తుంటే చూశాను, వేలి చివరి కణుపు వంగట్లేదు. నొప్పి వల్ల కాదు, అసలు నా మాటే వినట్లేదు. పైగా బొటనవేలి వైపు సగం కొస మొద్దుబారిపోయి ఉంది, గోరుతో గిచ్చినా తెలీట్లేదు. అప్పుడు పట్టుకుంది టెన్షన్. చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆయన మధ్య కణుపు కదలకుండా గట్టిగా పట్టుకుని "కొస ఒక్కటే వంచండి" అన్నారు. వంగలేదు. "టెండన్ తెగింది, ఒక పక్క నర్వ్ కూడా పోయింది" అని అర నిమిషంలో తేల్చేశారు. టెండన్ అంటే కండని ఎముకకి కలిపే తాడు, నర్వ్ అంటే నాడి. చేతికి, కత్తికి సంబంధించిన ఏ గాయమైనా సరే, కుట్లు వేసేముందు ఈ ఒక్క పరీక్ష చేయమని మీరే అడగండి. చిన్న గాయం అని వదిలెయ్యకండి.

ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు చేతికి స్ప్లింట్, అంటే చెయ్యి ఇష్టమొచ్చినట్టు కదలకుండా ఆపే బద్ద. స్కూళ్ళు తెరిచారు, అక్క కొడుకు తొమ్మిదో తరగతి జీవశాస్త్రం పుస్తకం పట్టుకుని, "మావయ్యా నువ్వు ఖాళీయే కదా, అప్పజెప్పించుకో" అని వచ్చాడు. పాఠం పేరు జంతు కణజాలం. కణజాలాలు నాలుగు రకాలు, ఉపకళా కణజాలం, సంయోజక కణజాలం, కండర కణజాలం, నాడీ కణజాలం, వాటి విధులు రాయుము. నేనూ ఒకప్పుడు బట్టీపట్టి మార్కులు తెచ్చుకుని మర్చిపోయినవాణ్ణే. కానీ ఈసారి పుస్తకంలో ఉన్నదంతా నా వేలు మీదే జరుగుతోంది. అరంగుళం గాయంలో రకరకాల కణజాలాలు తెగాయి, ఒక్కోటీ ఒక్కో వేగంతో బాగవుతోంది, కొన్ని అసలు తొందరే లేనట్టు కూర్చున్నాయి.

ముందు తెగింది పైతోలు, అంటే ఉపకళ. కణాలు సందు లేకుండా ఇటుకల్లా పేర్చి ఉంటాయి, మధ్యలో రక్తనాళాలు ఉండవు. అందుకే కాగితం అంచు పైపైన గీసుకుంటే మండుతుంది కానీ ఒక్కోసారి చుక్క రక్తం కూడా రాదు. రాపిడి ఉన్నచోట, అరచేయి అనుకోండి, నోరు అనుకోండి, పొరల మీద పొరలు. ఊపిరితిత్తుల గాలి గదుల్లో వాయువులు అటూ ఇటూ దాటాలి కాబట్టి ఒక్కటే పొర, అది కూడా పల్చగా. ఈ జాతికి ఉన్న గొప్ప సుఖం ఏంటంటే ఎప్పుడూ కొత్తది పుడుతూనే ఉంటుంది. చర్మం పైపొర దాదాపు నెలకోసారి మారిపోతుంది, పేగు లోపలి పొరైతే నాలుగైదు రోజులకే. కాబట్టి నా వేలికి మొదట మూసుకుంది తోలే. రెండు వారాలకి కుట్లు విప్పేశారు, చూసినవాళ్ళంతా "ఇంకేం, తగ్గిపోయిందిగా" అన్నారు. లోపల అసలు కథ అప్పటికింకా మొదలే కాలేదు.

సంయోజక కణజాలం దగ్గర మావాడు ఆగిపోయాడు. "రక్తం, ఎముక, కొవ్వు, మృదులాస్థి, ఇవన్నీ ఒకటే జాతి ఎలా అవుతాయి మావయ్యా?" మంచి ప్రశ్న, నేను చదివేటప్పుడు నాకు రాలేదు. ఆవకాయ జాడీనే చూపించాను. ముక్కలు కణాలనుకో, చుట్టూ ఉన్న ఊట మాత్రిక అనుకో. ఉపకళలో ముక్కలే తప్ప ఊట ఉండదు. సంయోజక కణజాలంలో ముక్కలు దూరం దూరంగా ఉంటాయి, అసలు పని చేసేది ఊటే. ఆ ఊట నీళ్ళలా ఉంటే రక్తం, కాల్షియం ఫాస్ఫేట్ పట్టి గట్టిపడితే ఎముక, రబ్బరులా ఉంటే మృదులాస్థి, పీచులన్నీ ఒకే దిక్కుగా పేనుకుని తాడైతే టెండన్. పుస్తకంలో టెండన్‌ని స్నాయుబంధనం అన్నారు, ఎముకకీ ఎముకకీ మధ్య ఉండే లిగమెంట్‌ని సంధిబంధనం అన్నారు. ఈ రెండు పేర్లూ ఎన్నిసార్లు చదివినా నాకు తారుమారవుతాయి, ఆస్పత్రిలో మాత్రం వీటిని ఎవరి నోటా వినలేదు.

ఆ పీచు పేరు కొల్లాజెన్. మన ఒంట్లో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ప్రోటీన్ ఇదే. ఇది గట్టిగా అల్లుకోవాలంటే విటమిన్ సి కావాలి. పూర్వం నెలల తరబడి ఓడల్లో తిరిగి, విటమిన్ సి అందక స్కర్వీ అనే జబ్బు వచ్చిన నావికులకి ఎప్పుడో మానిపోయిన పాత గాయాలు మళ్ళీ తెరుచుకునేవి. మచ్చలో ఉన్న కొల్లాజెన్ కూడా విరుగుతూ, మళ్ళీ తయారవుతూ ఉంటుందన్నమాట, సరుకు ఆగిపోతే కుట్టు ఊడుతుంది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు నారింజలు, నిమ్మకాయలు పెట్టి స్కర్వీ తగ్గించి చూపించాడు. మా ఇంట్లో మాత్రం పథ్యం మీద యుద్ధమే జరిగింది. పెద్దమ్మ ఫోన్ చేసి "వాడికి పప్పు పెట్టకే, చీము పడుతుంది" అంటుంది. గాయం పూడాలంటే కావలసిందే ప్రోటీను, మన ఇళ్ళలో రోజూ దొరికే ప్రోటీనేమో పప్పు. పెద్దమ్మ మీద గౌరవం ఉంది కానీ ఈ ఒక్క విషయంలో వినలేదు. అమ్మ నిమ్మకాయ పప్పు చేసి రెండు పార్టీలకీ సర్దిచెప్పింది, పెద్దమ్మకి ఫోన్లో పులుసు అని చెప్పిందనుకోండి.

ఇక టెండన్. నాకు బాగా ఆశ్చర్యం వేసిన సంగతి ఇది. వేలిని వంచే కండ ఒక్కటి కూడా వేలిలో లేదు! కుడిచేత్తో ఎడమ ముంజేతిని, మోచేతికి కాస్త కింద, పట్టుకుని వేళ్ళు ఆడించి చూడండి, లోపల కండలు కదులుతాయి. తోలుబొమ్మలాటే ఇది, ఆడించేవాడు ఎక్కడో ముంజేతిలో కూర్చుని ఉంటాడు, తాడు మణికట్టు కింద నుంచి అరచేయి దాటి వేలి కొస దాకా వస్తుంది. తాడు తెగితే ఏమవుతుంది? కండ తన వైపుకి లాగేసుకుంటుంది. నా తాడు కొస అరచేతిలోకి వెళ్ళిపోయింది, అరంగుళం గాయానికి డాక్టరు అరచేయి దాకా తెరవాల్సి వచ్చింది ఇందుకే. తెగింది కూడా చెడ్డ చోట. అక్కడ రెండు టెండన్లు ఒకే ఇరుకు గొట్టంలో పక్కపక్కనే జారుతుంటాయి, ఆ చోటుని సర్జన్లు నో మ్యాన్స్ ల్యాండ్ అంటారట.

టెండన్‌కి రక్తం సరఫరా తక్కువ, కాబట్టి నిదానంగా అతుకుతుంది. కదిలిస్తే తెగుతుంది, కదిలించకపోతే చుట్టూ ఉన్న గొట్టానికి అతుక్కుపోతుంది. ఈ రెంటి మధ్య సన్నటి దారి మీద ఫిజియోథెరపిస్టు నన్ను రోజూ నడిపించింది, స్ప్లింట్ లోపల ఇంత వంచండి, ఇంతకు మించి వద్దు అంటూ. మూడు నెలలు ఎడమచేత్తో బరువెత్తొద్దన్నారు. బాల్చీ కాదు, పాల ప్యాకెట్ ఎత్తినా అమ్మ అరిచేది.

ఎముక తగల్లేదు, నయం. తగిలినా అంత భయపడాల్సింది కాదేమో, ఎముకకి రక్తం బాగా అందుతుంది, విరిగితే మచ్చ లేకుండా మళ్ళీ ఎముకగానే అతుకుతుంది. పుత్తూరు కట్టుకి అంత పేరు రావడం వెనకున్న రహస్యం కూడా సగం ఇదేనని నా అనుమానం, సరిగ్గా కూర్చోబెట్టి కదలకుండా ఉంచితే మిగతా పని ఎముకే చూసుకుంటుంది. కట్టు మరీ బిగిస్తే రక్తం ఆగి చెయ్యే పోయే ప్రమాదం ఉంది, అది వేరే సంగతి. మృదులాస్థి దీనికి పూర్తిగా ఎదురు. రక్తనాళాల్లేవు, నాడులూ లేవు, నడిచినప్పుడు స్పాంజిలా నొక్కుకుని, వదులుకుని కీలులో ఉన్న ద్రవం నుంచే తిండి పీల్చుకుంటుంది. అమ్మ మోకాళ్ళలో అరిగింది అదే. తిరిగి పెరగదు.

మావాడు మధ్యలో "మరి గుండె?" అన్నాడు. గుండె కండరం అలుపు లేకుండా కొట్టుకుంటుంది కానీ కణాలు చస్తే కొత్తవి పుట్టడం చాలా తక్కువ, పెద్దవాళ్ళలో ఏడాదికి నూటికి ఒకటి మించదు. గుండెపోటు వచ్చినచోట మచ్చ మిగులుతుంది, మచ్చ కొట్టుకోదు. వాడు ఇంకేమీ అడగలేదు, తాతయ్య గుర్తొచ్చినట్టున్నాడు.

అన్నిటికన్నా నాడి పెట్టిన తిప్పలే ఎక్కువ. వేలి కొసలో స్పర్శ తెలిపే నాడీ కణం అసలు ఇల్లు మెడ దగ్గర, వెన్నెముక పక్కన ఉంటుంది. ఒక్క కణం, మెడ నుంచి వేలి దాకా పొడుగాటి తీగ. తెగితే అవతలి ముక్క చచ్చిపోతుంది, దాని ఖాళీ తొడుగు మాత్రం మిగులుతుంది, ఆ తొడుగులోంచి తీగ మళ్ళీ రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున పాక్కుంటూ వస్తుంది. డాక్టరు మైక్రోస్కోపు కింద వెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్టింది ఆ తొడుగుల చివరలనే. గాయం నుంచి కొస దాకా నాలుగున్నర సెంటీమీటర్లు, అంటే 45 రోజులని నేను లెక్కేసి చెబితే ఆయన నవ్వారు. మొదట కొన్ని వారాలు ఏమీ కదలదట, తీగలన్నీ దారి కనుక్కోవట. వేలి మీద మెల్లగా తట్టుకుంటూ పోతే ఒకచోట కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది, తీగ కొస అక్కడిదాకా వచ్చిందని గుర్తు. ఆ జిల్లుని నెలల తరబడి వెంబడించాను.

ఇంకో వింత. బట్టలు నానబెట్టినప్పుడో, చాలాసేపు స్నానం చేసినప్పుడో వేళ్ళు ముడతలు పడతాయి కదా, తోలు నీళ్ళు పీల్చి ఉబ్బడమే కారణమని ఇన్నాళ్ళూ అనుకున్నా. నా వేలికి స్పర్శ లేని సగం మాత్రం నున్నగా ఉండిపోయింది! ముడత పడాలంటే నాడి ఆర్డరు వెయ్యాలట, అప్పుడు రక్తనాళాల గోడల్లో ఉన్న కండరం బిగుసుకుని వేలి లోపలి భాగం కాస్త కుంచించుకుంటుంది. రక్తనాళాల గోడల్లో ఉన్నది మన ఇష్టంతో పని లేకుండా పనిచేసే నునుపు కండరం, పుస్తకంలో అరేఖిత కండరమంటే ఇదే. అంటే వేలిలో అసలు కండరమే లేదనుకుంటే తప్పు, వంచేది లేదంతే. మావాడిని పిలిచి చూపిస్తే పరీక్షకి చదవడం మానేసి వాడి చేతులు బకెట్లో పెట్టి కూర్చున్నాడు.

కణజాలాలని ఇలా రకాలుగా విడగొట్టడం మొదలుపెట్టినవాడు గ్జేవియర్ బిషా అనే ఫ్రెంచి డాక్టరు, మైక్రోస్కోపుని నమ్మకుండా, శవాల భాగాలు ఉడకబెట్టి, ఎండబెట్టి, యాసిడ్‌లో నానబెట్టి 21 రకాల కణజాలాలు లెక్కపెట్టాడు. 1802లో ముప్పయ్యేళ్ళకే పోయాడు. మన పిల్లలు అదృష్టవంతులు, ఇరవయ్యొకటి నాలుగుకి దిగాయి.

ఈ ఏడాది కాయలు బజార్లోనే కొట్టించాం. అమ్మ నాకు చాకు కూడా ఇవ్వలేదు, కారం, ఆవపిండి, ఉప్పు, నూనె పోసి పెద్ద బేసిన్ నా ముందు పెట్టింది. రెండు చేతులతోనూ కలిపాను. చూపుడువేలి కొస ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు, ముప్పావు వంతు వంగుతుంది. రాత్రి పడుకునే వేళకి చేతులు భగ్గుమంటున్నాయి, ఒక్కో వేలూ విడిగా చూసుకున్నాను, చూపుడువేలి కొస, బొటనవేలి వైపు సగం, అది కూడా మండుతోంది. అమ్మ కొబ్బరినూనె సీసా తెచ్చి రాసుకోమంది. "ఉండమ్మా, కాసేపాగి" అన్నాను.