కిందకి దిగి మళ్ళీ పైకెక్కే స్పాట్

పైడిభీమవరంలో ల్యాబ్ ఉద్యోగంలో చేరిన కొత్తలో సాయంత్రం శ్రీకాకుళం బస్సెక్కితే నా పక్క సీటు ఖాళీగానే ఉండీది, ఎవడూ కూర్చోడు. కారణం థయోల్, అంటే సల్ఫర్ ఉండే ఒక కంపు రసాయనం. గ్లౌజులేసుకున్నా చొక్కాకీ జుట్టుకీ పట్టేస్తది, ఇంటికెళ్తే అమ్మ గుమ్మంలోనే ఆపేసి "ఏట్రా ఆ కంపు, కుళ్ళిపోయిన ఉల్లిపాయలేటైనా మోసావా" అనీది.

ఆ థయోల్‌ని హాలైడ్‌తో (క్లోరిన్, బ్రోమిన్ లాంటివి తగిలున్న పదార్థం) కలిపితే సల్ఫైడ్, దాని సల్ఫర్‌కి ఒక ఆక్సిజన్ తగిలిస్తే సల్ఫాక్సైడ్, రెండోది కూడా తగిలిస్తే సల్ఫోన్. అక్కడికొచ్చేసరికి కంపు పోయి చాలావరకు తెల్లటి పొడి మిగుల్తుంది. చెప్పడానికి ఇంతే గానీ నేను దెబ్బతిన్నది టీఎల్‌సీ దగ్గర, అంటే సిలికా పూసిన ప్లేటు మీద చుక్క పెట్టి, ద్రావకం పైకి పాకుతుంటే ఏ పదార్థం ఎంత ఎత్తుకెక్కిందో చూసే పరీక్ష. సల్ఫైడ్ స్పాట్ ప్లేటు పైన ఉంటది కదా, ఆక్సిజన్ ఇచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తుంటే బాగా కింద ఇంకోటి వచ్చింది, అది సల్ఫాక్సైడ్, సరే, తర్వాత మధ్యలో ఇంకో స్పాట్. ఆక్సిజన్ పెరిగితే ఇంకా కిందకే పోవాలి కదా, ఇదేదో చెత్త అనుకుని రియాక్షన్ ఆపేసా. మా సీనియర్ ప్లేటు చూసి "అదే సల్ఫోన్‌రా బాబూ, దానికోసమే కదా చేస్తన్నావు" అని ఒకటే నవ్వు. సల్ఫాక్సైడ్‌లో ఉన్న ఒక్క ఆక్సిజనే సిలికాని గట్టిగా పట్టుకుంటది, అందుకే కిందుండిపోతది, సల్ఫోన్‌లో రెండున్నా అంత పట్టుండదు.

రెండో ఆక్సిజన్ ఎక్కడం మహా బద్ధకం. చల్లగా ఉంచి కొలిచి పోస్తే సల్ఫాక్సైడ్ దగ్గర ఆపుకోవచ్చు, సల్ఫోనే కావాలంటే పెరాక్సైడ్ ఎక్కువ పోసి, రియాక్షన్ వేగం పెంచే సోడియం టంగ్‌స్టేట్ చిటికెడు వేసి, కాస్త వేడి చెయ్యాలి (పెరాక్సైడ్ మాత్రం చుక్క చుక్కగానే, ఒకేసారి ఒంపేసి హీరోయిజం చూపించకండి). పెరాక్సైడ్ బదులు, ఆక్సిజన్ ఇచ్చే ఆక్సోన్, ఎంసీపీబీఏ అనే రసాయనాలు కూడా పనిచేస్తాయి.

గ్యాస్ మాత్ర ఒమెప్రజోల్ సల్ఫాక్సైడే, అందులో సల్ఫోన్ వస్తే ఇంప్యూరిటీ, తీయడానికి ప్రాణం పోతది. అదే కుష్టుకి ఇచ్చే డాప్సోన్‌లో మందంతా సల్ఫోనే. 1908లోనే తయారుచేశారు, కుష్టుకి వాడింది మాత్రం 1940ల్లో. సాలూరు కుష్టాసుపత్రికి మాత్రల కోసం వెళ్ళే ముసలాయన గురించి మా నానమ్మ చెప్పీది, అవి ఇవేనేమో.

ఈ వారం మళ్ళీ సల్ఫోన్ పనే. మిగిలిన పెరాక్సైడ్‌ని సల్ఫైట్‌తో చంపుతున్నా, పెరాక్సైడ్ ఉంటే నీలమయ్యే స్టార్చ్ అయోడైడ్ పేపర్ ఇంకా నీలంగానే తిరుగుతోంది, ఏడున్నర బస్సు పోయింది.