ఆదివారం, ముసురు, ఎండు నెత్తళ్ళు

జూన్ రెండో ఆదివారం. టోక్యోలో మేముండే నిషికసాయ్‌లో పొద్దుట్నుంచీ ముసురు పట్టింది. బట్టలారవు, పాపకి పార్కు లేదు. నాకు మాత్రం ఇలాంటి రోజే వంటింట్లో స్థిమితంగా నిలబడాలనిపిస్తుంది.

లేవగానే నెత్తళ్ళ తలలు గిల్లడానికి కూర్చున్నాను. ఇక్కడ వీటిని నిబోషి అంటారు. ఉడికించి ఎండబెట్టినవి అని పేరులోనే ఉంది. మనవాళ్ళు పట్టినవాటిని పట్టినట్టే ఇసక మీద ఎండేస్తారు. వీళ్ళు ఉప్పునీళ్ళలో ఒక ఉడుకు రానిచ్చి అప్పుడు ఆరబెడతారు. అందుకే పంటికింద ఇసక తగలదు, వెండి మెరుపు కూడా పోదు. మిగతాదంతా మామూలే. వేలంత చేప. మెడ దగ్గర బొటనవేలి గోటితో నొక్కితే తల టిక్కుమని ఊడుతుంది, దాని వెనకే పొట్టలోని నల్ల పిసరు వస్తుంది. ఆ పిసరు ఉండిపోయిందా, నీళ్ళు చేదెక్కుతాయి. ఇది నాకు ఏ జపాన్ వాళ్ళూ నేర్పక్కర్లేకపోయింది. భీమిలిలో అమ్మ పక్కన పీట వేసుకుని చాటల కొద్దీ గిల్లినదాన్నే.

గిల్లినవాటిని పిడికెడు తీసి అరలీటరు నీళ్ళలో వేసి పక్కన పెట్టాను. రాత్రే నానేస్తే ఇంకా బాగుంటుంది గానీ నిన్న శనివారం. మా ఆయన శనివారం నీసు ముట్టరు. ఫ్రిజ్‌లో చేపల నీళ్ళ సీసా కనపడినా మొహం అదోలా పెడతారు.

ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది ఆ శనివారాలు ఎన్ని మంటగలిశాయో లెక్కే లేదు. మాంసం ముక్క, చేప ముక్క కనపడకపోతే శాకాహారమే కదా అనుకున్నాం. వంకాయ వేపుడు లాంటిది తిన్నాం, టోఫు తిన్నాం, ఉడోన్ అనే లావు నూడుల్స్ పులుసు గిన్నె ఎత్తి తాగాం. అన్నిట్లోనూ దాషి ఉంది! దాషి అంటే వీళ్ళ వంటకి పునాది నీళ్ళు. కత్సువో చేపని ఉడికించి, పొగబెట్టి, చెక్కలా గట్టిపడేదాకా ఎండబెట్టి, వడ్రంగి చిత్రిక పట్టినట్టు పట్టి, ఆ పొట్టుతో తీస్తారు. లేదా నిబోషితో. కూరలోకి చేప రాదు, చేప సారం వస్తుంది. ఆ సంగతి తెలిసిన రోజున మా ఆయన దేవుడి పటం ముందు నిలబడి చెంపలు వేసుకున్నారు.

ఇప్పుడు శనివారాలకి వేరే ఏర్పాటు. కొంబు అని, మందంగా అట్టలా ఉండే సముద్రపు నాచు, ఎండు షీటాకే పుట్టగొడుగులు. ఇక్కడి బౌద్ధాలయాల వంట వీటితోనే నడుస్తుంది. కొంబుని చన్నీళ్ళలో నానబెట్టి సన్న సెగ మీద పెట్టి, నీళ్ళు మరిగేలోపు తీసెయ్యాలి, లేకపోతే జిగురొస్తుంది. మిసో, అంటే పులియబెట్టిన సోయా ముద్ద, డబ్బా కొనేటప్పుడు కూడా ‘దాషి కలిపినది’ అని ఉందేమో చూసుకోవాలి, ఉంటే శనివారానికి పనికిరాదు. ఈ కొంబు రుచేమిటా అని వెతికే 1908లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కికునాయె ఇకెదా గ్లుటమేట్‌ని బయటికి తీసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మరుసటేడే అది అజినొమొటోగా అంగట్లోకి వచ్చింది. మన ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర వద్దన్నా వినకుండా టేస్టింగ్ సాల్ట్ చల్లుతాడే, అదే. దాని పుట్టిల్లు ఈ నాచు.

సరే, పొద్దుటి సూప్. నానిన నెత్తళ్ళని సన్న సెగ మీద పది నిమిషాలు మరగనిచ్చి, పైకి తేలిన నురగ తీసేసి వడగట్టాను. ఉల్లిపాయ, టోఫు, గుప్పెడు వకామె అనే పల్చటి నాచు. పొయ్యి ఆపేశాకే మిసో కలపాలి, కలిపాక మరిగితే ఆ వాసన పోతుంది. వంటిల్లంతా భీమిలి. కిటికీ బార్లా తెరిచి ఉంది.

కిటికీ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, హైదరాబాదులో అద్దెకున్నప్పుడు ఒకసారి నెత్తళ్ళు వేయించినందుకు ఇంటి ఓనరు గారు పైకొచ్చి, గడప బయటే నిలబడి, “అమ్మా, మీరేం తింటారో మాకనవసరం, కానీ వాసన మెట్లు దిగి వస్తోంది” అన్నారు. మర్నెల అద్దె ఇస్తున్నప్పుడు మళ్ళీ అదే మాట. ఆ తర్వాత తలుపులూ కిటికీలూ బిగించి, అగరొత్తులు వెలిగించి మరీ వేయించేదాన్ని. నెత్తళ్ళూ అగరొత్తులూ కలిసిన వాసన పగవాడికి కూడా వద్దు. ఇక్కడికొచ్చాకా కొన్నాళ్ళు అదే భయం. ఒకరోజు పొద్దున్న చెత్త పడేద్దామని వరండాలోకి వస్తే పక్కింటి గొట్టంలోంచి ఎండు అజి చేప కాలుతున్న వాసన గుప్పున కొట్టింది. ఆ ఇంటావిడ డెబ్భై ఏళ్ళ పెద్దావిడ, తలుపు తీసి “ఒహాయో గొజాయిమాస్” అని నవ్వి వెళ్ళిపోయింది. ఆ వారమే నేను అగరొత్తులు మానేశాను, దేవుడికి తప్ప.

మధ్యాహ్నం వాన కాస్త తెరిపిస్తే స్టేషన్ అవతల సోబా కొట్టుకి వెళ్ళాం. సోబా అంటే బక్‌వీట్ పిండితో చేసే సన్నటి నూడుల్స్. ముసలి దంపతులు నడుపుతారు, పది మంది కూర్చుంటే నిండిపోతుంది. అక్కడిది ‘ని-హచి’ సోబా, అంటే రెండు పాళ్ళు గోధుమ పిండి, ఎనిమిది పాళ్ళు బక్‌వీట్ పిండి. వెదురు చాప మీద చల్లటి నూడుల్స్, పక్కన చిన్న కప్పులో ముంచుకోవడానికి త్సుయు అనే నల్లటి పులుసు. మొదటిసారి మా ఆయన ఆ త్సుయు మొత్తం ఇడ్లీ మీద సాంబారులా కుమ్మరించేశారు. చాప కదా, కింది పళ్ళెం నిండి బల్ల మీదికి పారింది. పెద్దాయన ఒక్క మాటనకుండా గుడ్డ తెచ్చి తుడిచి, ఇంకో కప్పు పెట్టాడు. గిన్నెడు పులుసు కనపడితే మన చెయ్యి ఊరుకోదు మరి. పాప మాత్రం ఇక్కడే పుట్టింది, నాలుగు పోగులు తీసి కొసలు ముంచి, జుర్రుమని లాగేస్తుంది. చప్పుడు చెయ్యకుండా తినవే అనబోయి ప్రతిసారీ ఆగిపోతాను. ఇక్కడ ఆ చప్పుడే పద్ధతి.

నేను వెళ్ళేది అసలు చివర్లో వచ్చే సోబాయు కోసం. తినడం అయిందనగానే ఆవిడ ఎర్ర లక్క పూసిన కొమ్ముచెంబు లాంటిది తెచ్చి పెడుతుంది. అందులో సోబా ఉడికించిన నీళ్ళు, తెల్లగా, చిక్కగా, పొగలు కక్కుతూ. కప్పులో మిగిలిన త్సుయులో పోసుకుని తాగాలి. గంజే! అమ్మమ్మ అన్నం వార్చి, ఆ గంజిలో ఉప్పుగల్లు వేసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగేది. మాకూ తలా గ్లాసు. ఇంట్లోకి కుక్కరొచ్చాక వార్చడం పోయింది, గంజీ పోయింది. ఇక్కడ మాదీ కరెంటు కుక్కరే. ఇవాళ రెండుసార్లు పోయించుకున్నాను, మా ఆయన వాటా కూడా.

సాయంత్రం అన్నం. 2025లో ఐదు కిలోల బియ్యం సంచి 4,000 యెన్లు దాటినప్పుడు కొన్నాళ్ళు ఇండియన్ షాపు సోనామసూరికే కట్టుబడ్డాం గానీ, ఇప్పుడు వారంలో సగం రోజులు జిగురన్నమే. పొద్దున సారం తీసిన నెత్తళ్ళని వీళ్ళు సోయా సాస్, పంచదార వేసి దగ్గరికి ఉడికిస్తారు. నేను మాత్రం ఉల్లిపాయ, వెల్లుల్లి, కారం వేసి కరకరలాడేలా వేయించాను. పొద్దున జపాన్‌కి ఇచ్చాను కదా, రాత్రికి భీమిలికి.

తింటుంటే అమ్మ ఫోను.

“ఏటొండినావే?”

“నెత్తళ్ళమ్మా. పొద్దున చారు, ఇప్పుడు వేపుడు.”

“చింతపండు దొరికిందేటి అక్కడ?”

“చారులో చింతపండు వెయ్యరమ్మా. సోయా గింజలు పులియబెట్టిన ముద్ద కలుపుతారు.”

“చింతపండు లేకుండా నీసు కొట్టదేటే? సర్లే. తలలేటి చేసినావు?”

“ఫ్రీజర్‌లో పెట్టాను. మంగళవారం దాకా చెత్త బండి రాదు, బయటుంచితే కంపు కొడుతుంది.”

అవతల కాసేపు చప్పుడు లేదు.

“చెత్తని ఫ్రిజ్జిలో దాచుకుని, చేపల్ని బయట ఎండేసుకుంటారేటే ఆ దేశంలో?”