సున్నా దగ్గర ఆగని చక్రం

ఆదివారం, రాత్రి పదకొండు గంటలు, రామ్మూర్తినగర్, బెంగళూరు

సబ్బుతో మూడుసార్లు తోమినా చేతులకు పట్టిన పాత గ్రీజు వాసన వదలలేదు. అయినా నాలుగు మాటలు రాసుకోకుండా పడుకోవాలని లేదు, ఎందుకంటే మూడు వారాలుగా నన్ను సతాయిస్తున్న పిన్‌బాల్ యంత్రం (ఏటవాలు బల్ల మీద బంతిని కొట్టి పాయింట్లు తెచ్చుకొనే, నాణెం వేసి ఆడే ఆట) ఇవాళ మధ్యాహ్నం తొలిసారిగా తనంతట తాను ఆగింది. యంత్రం నడిచినందుకు కాక ఆగినందుకు సంతోషపడడం వినేవారికి వింతగానే ఉంటుంది కానీ, దాని జబ్బే అది. ఆట మొదలుపెట్టే మీట నొక్కగానే పాత లెక్క చెరిపేసి, అంకెల చక్రాలన్నిటినీ సున్నాకు తెచ్చుకొని, బంతిని ఆడేవారి ముందుకు తోసి ఊరుకోవలసినది, ఊరుకోవడం మరిచిపోయి గడగడమని తిరుగుతూనే ఉండేది. నేను ప్లగ్గు పీకితే తప్ప ఆ గోల ఆగేది కాదు.

దీన్ని నేను కిందటి ఏడాది, మూతపడిన ఒక క్లబ్బు సామానంతా టోకున కొన్న పాత సామాన్ల వ్యాపారి దగ్గర చూశాను. రెండు కాళ్ళు లేవు, అద్దం మీద వేలితో పేరు రాసేంత దుమ్ము. 1960లలో చికాగోలో తయారైనది; ఈ యంత్రాలు చేసిన పెద్ద కంపెనీలు దాదాపు అన్నీ ఆ ఊరివే. ఇందులో చిప్పు అనేది లేదు. 1970ల చివరలో మైక్రోప్రాసెసర్లు వచ్చి ఈ జాతిని తుడిచిపెట్టేదాకా, పిన్‌బాల్ యంత్రానికి జ్ఞాపకమూ కూడికలూ అన్నీ రిలేలతో (కరెంటు తగిలితే తెరుచుకొనే, మూసుకొనే స్విచ్చులు), రాగి తీగ చుట్టిన కాయిళ్ళతో, వేలి గోరంత వెడల్పుండే ఇత్తడి రేకుల స్విచ్చులతోనే జరిగేవి. అది అమెరికా ఇళ్ళలో వచ్చే 120 వోల్టుల కరెంటుకు చేసినది కాబట్టి, ఎస్.పీ. రోడ్డులో మన 230 వోల్టులను తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు ఒకటి కొన్నాను. వోల్టులు తగ్గించగలిగాను కానీ కరెంటు అటూ ఇటూ ఊగే సైకిళ్ళు పెంచలేను కదా. అక్కడ సెకనుకు 60, ఇక్కడ 50. అందువల్ల లోపలి మోటారు పుట్టింటిలో కంటే కాస్త నింపాదిగా తిరుగుతుంది. రోజూ సిల్క్ బోర్డు దాకా ట్రాఫిక్‌లో పాకుతూ వెళ్ళివచ్చే నాకు ఆ నింపాదితనం మీద ఫిర్యాదేమీ లేదు.

మొదటి రెండు నెలలు ఫ్లిప్పర్లకే సరిపోయాయి. బంతిని తిప్పికొట్టే ఆ రెండు చిన్న చేతుల వెనుక ఒక్కొక్క కాయిల్ ఉంటుంది, అందులో రెండు చుట్లు ఉంటాయి. లావు తీగ చుట్టు గట్టిగా లాగడానికి, సన్న తీగ చుట్టు మీట నొక్కి పట్టుకున్నంతసేపు చేతిని పైన నిలపడానికి. చెయ్యి పూర్తిగా లేచిన క్షణంలో చివర ఉన్న చిన్న స్విచ్చు విడిపోయి సన్న తీగను కూడా దారిలోకి తెస్తుంది. అప్పుడు కరెంటు తగ్గి కాయిల్ చల్లగా ఉంటుంది. నా యంత్రంలో కుడివైపు స్విచ్చు పాయింట్లు కాలి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడిపోవలసినది విడిపోలేదు, కాయిల్ మాడింది. మా వీధి చివర మోటార్లు వైండింగ్ చేసే నెల్లూరాయన దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఏ మిక్సీదమ్మా ఇది?" అని అడిగి, పిన్‌బాల్ అంటే ఏమిటో ఫోనులో చూపించాక, మాడిన తీగను విప్పుతూ ఒక్కొక్క చుట్టూ లెక్కపెట్టి, గేజి కొలిచి, అచ్చం అలాగే చుట్టి ఇచ్చారు. తీసుకున్నది నాలుగు వందలు. ఆ లెక్కపెట్టే ఓపికకే అంతకు రెట్టింపు ఇవ్వవచ్చు.

ఇవాళ ఉదయం అమ్మానాన్నలు వచ్చారు. నాన్న టెలిఫోన్ డిపార్టుమెంటులో టెక్నీషియనుగా చేరి, ఇదే ఊళ్ళో ఒక ఎక్స్చేంజీలో కాల్స్‌ను తమంతట తామే కలిపే పాత స్ట్రోజర్ పరికరాల మధ్య సగం ఉద్యోగం గడిపిన మనిషి. డిజిటల్ ఎక్స్చేంజీ వచ్చినప్పుడు ఆ వరుసలన్నీ ఊడదీసి తుక్కు కింద తూకానికి పోతుంటే దగ్గరుండి సంతకం పెట్టినది కూడా ఆయనే. ఆ సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పరు. ఇడ్లీలు తిన్నాక, నేను ఆట బల్లను పైకెత్తి కర్ర దన్ను పెట్టి లోపలి భాగం చూపిస్తే, కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టుకొని చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత దెబ్బకొక మెట్టు చొప్పున జరిగే స్టెప్పర్ యూనిట్ ఒకదాని పళ్ళచక్రాన్ని చిటికెన వేలితో ఒక పన్ను ముందుకు నెట్టి, అది టక్కున నిలిచిన చప్పుడు విని, "ఇది మా సెలెక్టరు తమ్ముడే కదుమా" అన్నారు.

నిజానికి బంధుత్వం దగ్గరిదే. కాన్సాస్ సిటీలో శవపేటికలు, అంత్యక్రియల వ్యాపారం చేసుకొనే ఆల్మన్ స్ట్రోజర్ 1891లో పేటెంటు పొందిన ఆటోమేటిక్ ఎక్స్చేంజీలో, తరువాత వచ్చిన డయల్ మీద ఏడు తిప్పితే తీగ మీద ఏడు దెబ్బలు పడతాయి, అక్కడ సెలెక్టరు ఏడు మెట్లు ఎక్కుతుంది. నా యంత్రంలో బంతి యాభై పాయింట్ల లక్ష్యాన్ని తాకితే, అడుగున ఉన్న స్కోరు మోటారు ఒక విడత తిరిగి అయిదు దెబ్బలు పంపుతుంది, పదుల చక్రం అయిదుసార్లు ముందుకు జరుగుతుంది. తొమ్మిది దాటి సున్నాకు వచ్చేటప్పుడు ఆ చక్రమే పక్క చక్రానికి ఒక దెబ్బ అందిస్తుంది. మనం పలక మీద కూడికలు వేసేటప్పుడు "చేతిలో ఒకటి" అనుకొనేది ఇక్కడ ఇనుపముక్క చేస్తుంది. ఇదంతా నేను పుస్తకాలు తిరగేసి రెండు నెలల్లో నేర్చుకున్నాను. నాన్న పది నిమిషాలలో సర్క్యూటు పటం మీద వేలు పెట్టి చదువుతూ పోయారు, పంచాంగం చూసినట్టు.

తరువాత నా చేతిపని చూసి చీవాట్లు పెట్టారు. కిందటి వారం నేను రిలే పాయింట్లన్నిటినీ సన్న గరుకు కాగితంతో రుద్దాను. అవి వెండివి, మెత్తనివి. గరుకు కాగితం వాటి మీద గాట్లు పెడుతుంది, ఆ గాట్లలో మసి చేరి మళ్ళీ కాలుతుంది. "అట్ల గీకొద్దుమా, అది ఆకురాయి పని కాదు" అంటూ, తన పాత తోలు సంచీ తెప్పించి, అందులోంచి నాలుకలా పల్చగా, చూడడానికి నున్నగా ఉన్న ఒక ఉక్కు రేకును తీశారు. దాన్ని రెండు పాయింట్ల మధ్య దూర్చి, పైరేకును వేలితో మెల్లగా అదిమి, రెండుసార్లు లాగితే నల్లటి గీత దానికి అంటుకొని వచ్చింది. ఆపైన స్పిరిటులో తడిపిన మందపాటి కాగితం ముక్కతో ఒక్కసారి. అంతే. ఫ్లిప్పర్ చివరి స్విచ్చులలో ఉండే టంగ్‌స్టన్ పాయింట్లకు మాత్రం ఆకురాయి పట్టవచ్చట, అవి గట్టివి. ఆ సంచీలో రేకులను వంచే రెండు కొక్కేల పనిముట్లు కూడా ఉన్నాయి. పిడి మీద దూరవాణినగర్ ఐటీఐ (టెలిఫోన్ పరికరాలు చేసే ప్రభుత్వ కంపెనీ) ముద్ర సగం అరిగినా ఇంకా కనిపిస్తోంది.

ఇక అసలు జబ్బు. శబ్దమంతా అడుగున మోటారు నుంచి వస్తోంది గనుక నేను మూడు వారాలుగా ఆ మోటారునే పట్టుకొని వేలాడాను. దాని కామ్‌లు (తిరుగుతూ స్విచ్చులను నెట్టే బిళ్ళలు) తుడిచాను, స్విచ్చులు సర్దాను, ఒకటి విరగగొట్టి మళ్ళీ అతికించాను. నాన్న దాన్ని ముట్టుకోలేదు. కుర్చీ లాక్కొని కూర్చొని, మీట నొక్కమని, కళ్ళు మూసుకున్నారు. గడగడ మొదలైంది. అర నిమిషం గడిచాక "ఇప్పుడు ఒకటే కొట్టుకుంటాంది, విను" అన్నారు. విన్నాను. మొదట నాలుగు చక్రాల కాయిళ్ళు కలిసి ముద్దగా మోగుతున్నాయి, తరువాత మూడు సద్దుమణుగుతున్నాయి, ఒక్కటి మాత్రం అయిదేసి దెబ్బల చొప్పున టకటకమని సాగుతూనే ఉంది. మోటారు రొద కింద అది ఇన్నాళ్ళూ నా చెవికి ఆననే లేదు. అది అంకెల చక్రాలుండే పైపెట్టెలో ఉంది.

"ప్లగ్గు పీకినావా?" అని రెండుసార్లు అడిగాక గానీ ఆయన పైపెట్టెలో చెయ్యి పెట్టలేదు. వందల చక్రాన్ని దాని చట్రంతో సహా బయటికి లాగితే విషయం కంటికే కనబడింది. చక్రం సున్నాకు చేరినప్పుడు ఇరుసు మీది గాటులోకి ఒక రేకు పడి, రెండు పాయింట్లు విడిపోవాలి. అప్పుడు ఆ చక్రానికి దెబ్బలు అందడం ఆగిపోతుంది. ఇక్కడ గాటు నిండా ఎప్పటిదో గ్రీజు గట్టిపడి, పాకంలా మొదలై లక్కలా మారి కూర్చుంది. రేకు లోపలికి పడే చోటే లేదు. అందువల్ల యంత్రం దృష్టిలో ఆ చక్రం సున్నాకు ఎన్నడూ చేరలేదు. ఎనిమిది, తొమ్మిది, సున్నా, మళ్ళీ ఒకటి. చక్రాలన్నీ చేరాయని తెలిస్తే తప్ప మోటారు ఆగదు. వెదురు పుల్లతో గాటులోని మట్టి తీసి, స్పిరిటుతో కడిగి, రేకును కొక్కెంతో వెంట్రుకవాసి వంచి, ఒక్క చుక్క నూనె కూడా వేయకుండా తిరిగి బిగించాము. నేను నూనె డబ్బా అందుకోబోతే నాన్న నా చెయ్యి మీద కొట్టారు. ఈ లక్కంతా ఎవరో మంచి మనసుతో వేసిన నూనె, గ్రీజులేనట.

మీట నొక్కాను. గడగడ, టకటక, టక్. నిశ్శబ్దం. బంతి జారి వచ్చి తోపుడు కడ్డీ ముందు నిలిచింది.

వంటింట్లోంచి వచ్చిన అమ్మ నాణెం వేసే చీలిక చూసి, "డబ్బులేసి ఆడేదంటే జూదమే కదా, ఇంట్లో ఎందుకే?" అంది. తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. న్యూయార్క్ నగరంలో మేయర్ లాగార్డియా ఈ మాటే అని, 1942లో వీటిని నిషేధించి, సమ్మెటతో పగలగొడుతూ ఫోటోలు కూడా దిగాడు. అప్పటికి ఫ్లిప్పర్లు లేవు, బంతి ఎటు పడితే అటే, కాబట్టి ఆయన మాటలో నిజం లేకపోలేదు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన 1947లో గాట్లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీ అనే యంత్రానికి ఆరు ఫ్లిప్పర్లు పెట్టాకే ఆట ఆడేవారి చేతికి వచ్చింది. అయినా నిషేధం 1976 దాకా సాగింది. ఆ ఏడు రోజర్ షార్ప్ అనే యువకుడు నగర పెద్దల ఎదుట యంత్రం పెట్టుకొని, బంతి ఏ దారిలో వెళుతుందో ముందే చెప్పి మరీ కొట్టి చూపించాడు. అంతా విని అమ్మ, "అయితే నువ్వు అట్ల కొట్టు చూద్దాం" అంది. కొట్టలేకపోయాను.

నాన్న మాత్రం ఆడారు. మొదటి బంతికే బల్లను రెండు చేతులా పట్టుకొని ఊపితే లోపల వేలాడే టిల్టు గుండు, తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు లాంటిదే, చుట్టూ ఉన్న కడియానికి తగిలి బంతి చచ్చింది. రెండో బంతి నుంచి బల్లను కదిలించకుండా, కుడి ఫ్లిప్పర్ మీద బంతిని నిలబెట్టి ఆలోచించి మరీ కొట్టడం మొదలుపెట్టారు. బంతిని వెనక్కి తన్నే బంపర్లు మోగుతున్నాయి, వందల చక్రం బుద్ధిగా కదులుతోంది. పదుల చక్రం అప్పుడప్పుడు ఒక దెబ్బ మింగేస్తోంది, స్ప్రింగు నీరసించినట్టుంది. వెనక అద్దం మీద రంగు పెచ్చులూడుతోంది, దాన్ని తుడవకూడదు కూడా. ఆ పనులు ఇంకా ఉన్నాయి.

నాలుగో బంతి మధ్యలో ఉరుములు మొదలయ్యాయి, కరెంటు పోయింది. మే నెల వాన, తెలిసినదే. మళ్ళీ వచ్చేసరికి వాళ్ళు బయలుదేరే వేళయింది. నాన్న తోలు సంచీ సోఫా పక్కనే వదిలి వెళ్ళారు. ఫోను చేస్తే "ఉండనీమా, వచ్చే ఆదివారం స్ప్రింగు మార్చల్ల కదా" అన్నారు. ఇందాక దీపాలార్పి వస్తూ టార్చి వేసి చూశాను. ప్లగ్గు తీసే ఉంది, బల్బు ఒక్కటీ వెలగడం లేదు, అద్దం వెనుక చక్రాల మీద మాత్రం ఆయన కొట్టిన 1,270 అలాగే నిలిచి ఉంది.